సరుకు చమురుకో న్యాయం, ఇంజిన్ చమురుకో న్యాయం

ఒక ఓడ తీరం దగ్గర రాళ్లెక్కి, పొట్ట చీలి, వెయ్యి టన్నుల నల్ల చమురు ఒడ్డుకు కొట్టుకొచ్చిందనుకుందాం. వేట ఆగిపోయింది. వలలు ఎందుకూ పనికిరాకుండా పోయాయి. మడచెట్ల వేళ్లన్నీ తారు పూసినట్టయ్యాయి. పరిహారం ఎంత వస్తుందని సముద్ర చట్టం తెలిసిన లాయరును అడిగితే, ఆయన ముందు ఒక ఎదురు ప్రశ్న వేస్తాడు. ఆ చమురు ఓడ మోసుకెళ్తున్న సరుకా, లేక ఓడ తన ఇంజిన్ కోసం నింపుకున్న ఇంధనమా?

వేటకు పోలేక ఇంట్లో కూర్చున్న మనిషికి ఈ ప్రశ్న ఎందుకో కూడా అర్థం కాదు. కానీ అతని చేతికి వచ్చే డబ్బు దాని మీదే ఆధారపడి ఉంది. ట్యాంకర్ మోసుకెళ్తున్న సరుకు చమురైతే, ఆ దేశం చమురు కాలుష్య పరిహారం కోసమే పెట్టిన అంతర్జాతీయ నిధిలో సభ్యురాలైతే, ఒక్క ప్రమాదానికి 20.3 కోట్ల ఎస్‌డీఆర్‌ల దాకా దొరికే వీలుంది. ఎస్‌డీఆర్ అంటే ఐఎంఎఫ్ లెక్కల కోసం వాడే యూనిట్. ఒక్కోటి డాలరు కన్నా ఎక్కువ, డాలరున్నర కన్నా తక్కువ ఉంటుంది. అదే చమురు ఒక మామూలు సరుకు ఓడ ఇంధన ట్యాంకులోంచి కారితే, ఓడ సైజును బట్టి అందులో నాలుగో వంతు, పదో వంతు, చిన్న ఓడైతే ముప్పయ్యో వంతుకే లెక్క ఆగిపోతుంది.

ఇది అన్యాయమని నా వాదన. సరుకు చమురుకు ఉన్నట్టే ఓడల ఇంధన చమురుకు కూడా, యజమాని బీమా చాలనప్పుడు ఆదుకునే రెండో అంచె పరిహార నిధి ఉండాలి. దానికి డబ్బు ఆ ఇంధనాన్ని మండించి వ్యాపారం చేసేవాళ్లే కట్టాలి. కొన్నేళ్లుగా ఈ ప్రమాదాల గురించి, వాటి వెనకున్న ఒప్పందాల గురించి దొరికిందల్లా చదువుతూ వస్తున్నాను. చదివినకొద్దీ ఈ అభిప్రాయం గట్టిపడిందే తప్ప సడలలేదు.

ముందు ఆ చమురు సంగతి చెప్పాలి. ఓడల వాళ్లు దాన్ని బంకర్ అంటారు. ముడిచమురులోంచి పెట్రోలు, డీజిలు, విమాన ఇంధనం లాగేశాక రిఫైనరీలో అడుగున మిగిలే మడ్డితో తయారయ్యేదే హెవీ ఫ్యుయల్ ఆయిల్. మామూలు వేడికి అది సరిగా పారదు. ట్యాంకులో ఆవిరి గొట్టాలు పెట్టి 40, 50 డిగ్రీల దగ్గర వెచ్చగా ఉంచితేనే పంపు లాగగలదు. నీళ్లు, మట్టి వేరుచేసే సెపరేటర్‌లోకి వెళ్లేసరికి 98 డిగ్రీల దాకా వేడి చేస్తారు. ఇంజిన్‌లోకి చిమ్మే ముందు 130, 140 డిగ్రీలకు తెస్తారు. అంటే ఓడ నడుస్తున్నంతసేపూ ఈ చమురును వేడి మీదే ఉంచాలి.

ఓడ నేలకు తగిలి బాయిలర్లు ఆగిపోయాక ఏమవుతుంది? ట్యాంకులో చమురు చల్లబడి చిక్కబడిపోతుంది. దాన్ని బయటికి తోడాలంటే మళ్లీ ఎక్కడినుంచో వేడి తేవాలి. అలల్లో ఊగుతున్న ఓడ పక్కకు పంపులు, గొట్టాలు, ఖాళీ బార్జీ తెచ్చి నిలపాలి. వాతావరణం బాగుంటేనే అదంతా కుదిరేది. ప్రమాదానికీ చమురు కారడానికీ మధ్య రోజుల తరబడి సమయం ఉన్నా ట్యాంకులు ఖాళీ చెయ్యలేకపోవడానికి ఇదో పెద్ద కారణం.

నీళ్లలో పడ్డాక దాని తీరే వేరు. డీజిలైతే చాలావరకు ఆవిరైపోతుంది, చెదిరిపోతుంది. ఇది అలా పోదు. అలల తాకిడికి నీటిని తనలో కలుపుకుని ఉబ్బుతుంది. కారింది ఒక టన్నయితే ఒడ్డున ఎత్తాల్సింది మూడు నాలుగు టన్నులు కావచ్చు. ఇసుక కలిస్తే బరువెక్కి మునుగుతుంది, మళ్లీ ఎప్పుడో తేలుతుంది. తెట్టును విరగ్గొట్టే మందులు ఇంత చిక్కటి చమురు మీద పెద్దగా పనిచెయ్యవు. 2017 జనవరిలో ఎన్నూరు దగ్గర రెండు ఓడలు గుద్దుకున్నప్పుడు వచ్చిన ఫొటోలు చాలామంది చూసే ఉంటారు. రాళ్ల కట్ట మీద మనుషులు వరసగా నిలబడి, మోకాళ్ల దాకా నల్లబడి, బకెట్లతో తోడి చేతులు మార్చుకుంటూ పైకి పంపుతున్నారు. యంత్రాలు తెచ్చి చూశారు, కానీ ఆ చిక్కదనానికి అవి చాలక చివరికి పని చేసింది బకెట్లే.

ఇలాంటి చమురు ట్యాంకర్లలోనే ఉంటుందనుకుంటే పొరపాటు. బొగ్గు, ఇనుప ఖనిజం, గోధుమలు, కార్లు, కంటైనర్లు, ఏది మోసే ఓడైనా దాని పొట్టలో వందల టన్నుల నుంచి వేల టన్నుల దాకా ఇంధనం ఉంటుంది. అతి పెద్ద కంటైనర్ ఓడల ట్యాంకుల్లో పట్టే ఇంధనం ఒక చిన్న ట్యాంకర్ మోసే సరుకంత. ట్యాంకర్లకు రెండు పొరల పొట్ట తప్పనిసరి చేసి ఏళ్లు గడిచాయి. ఇంధన ట్యాంకులకు రక్షణ ఉండాలన్న నియమం మాత్రం 2010 ఆగస్టు 1 తర్వాత డెలివరీ అయిన ఓడలకే వర్తిస్తుంది, అదీ 600 ఘనపు మీటర్లు, ఆపైన ఇంధనం పట్టేవాటికే. అంతకు ముందు కట్టిన ఓడల్లో చాలావాటికి ఇంధనానికీ సముద్రానికీ మధ్య ఒక్క ఉక్కు రేకే అడ్డం.

మారిషస్ దగ్గర చీలిన వకాషియో అలాంటిదే. 2007లో కట్టిన ఓడ. యజమాని జపాన్ కంపెనీ, జెండా, అంటే రిజిస్ట్రేషన్, పనామాది, అద్దెకు తీసుకుని నడిపిస్తున్నది జపాన్‌దే మరో పెద్ద కంపెనీ మిత్సుయి ఓఎస్‌కే లైన్స్. సరుకేమీ లేకుండా బ్రెజిల్ వైపు వెళ్తోంది. 2020 జూలై 25న పోయింట్ దెస్నీ దగ్గర పగడపు దిబ్బ మీదికి ఎక్కింది. సిబ్బంది ఫోన్లకు సిగ్నల్ అందుతుందని ఓడను ఒడ్డుకు దగ్గరగా మళ్లించినట్టు తర్వాత దర్యాప్తులో తేలింది. ఓడలో దగ్గర దగ్గర 4,000 టన్నుల ఇంధనం ఉంది. పన్నెండు రోజులు అలలు దాన్ని దిబ్బకేసి బాదాయి. ఆగస్టు 6న ట్యాంకు పగిలింది. సుమారు 1,000 టన్నులు మడుగులోకి కారింది. పక్కనే బ్లూ బే సముద్ర రక్షిత వనం, అంతర్జాతీయ గుర్తింపు ఉన్న చిత్తడి నేల, అరుదైన మొక్కలూ పక్షులూ ఉన్న ఇల్ ఓ ఎగ్రెత్ దీవి.

ఆ దేశం జనాభా 13 లక్షలు. జనం ప్రభుత్వం కోసం ఎదురుచూడకుండా వాళ్లంతట వాళ్లే దిగారు. చెరకు ఆకుల ఎండు చెత్తను గుడ్డ సంచుల్లో కూరి, బారుగా కుట్టి, ఖాళీ ప్లాస్టిక్ సీసాలు కట్టి తేలేలా చేసి, చమురుకు అడ్డంగా నీళ్లలో పరిచారు. మంగలి దుకాణాల్లో జుట్టు పోగుచేసి అందులో నింపారు. రాత్రీ పగలూ కిలోమీటర్ల పొడవున ఆ అడ్డుకట్టలు కుట్టారు. ప్రపంచంలో అత్యంత పెద్ద పరిశ్రమల్లో ఒకటైన ఓడల వ్యాపారం చేసిన గాయానికి ఒక చిన్న దేశం ప్రజలు చెరకు చెత్తతో కట్టు కట్టాల్సి వచ్చింది. అది తలచుకున్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

ఇక డబ్బు లెక్క. ఇంధన కాలుష్యం గురించి అంతర్జాతీయ ఒప్పందం ఉంది. 2001 మార్చిలో కుదిరింది, 2008 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. బంకర్స్ కన్వెన్షన్ అంటారు. అయితే గరిష్ఠంగా ఎంత చెల్లించాలన్నది ఆ ఒప్పందం తనంతట తాను చెప్పదు. ఓడ యజమానుల బాధ్యతకు పరిమితి పెట్టే వేరే చట్టానికి వదిలేస్తుంది. దానికి 1976 నాటి రూపం ఒకటుంది, దాన్ని పెంచిన 1996 రూపం ఒకటుంది. మారిషస్ అప్పటికి 1976 దాంట్లోనే ఉంది. వకాషియో స్థూల టన్నేజీ, అంటే ఓడ లోపలి పరిమాణపు కొలత, లక్షకు పైన. ఆ లెక్కన వచ్చే గరిష్ఠం సుమారు 1.27 కోట్ల ఎస్‌డీఆర్‌లు. 1996 రూపం, దాని తర్వాతి పెంపు ప్రకారమైతే అదే ఓడకు 4.6 కోట్లు. ఆ వెయ్యి టన్నులూ ఒక ట్యాంకర్ మోసుకెళ్తున్న సరుకై ఉంటే మారిషస్‌కు అందుబాటులో ఉండేది 20.3 కోట్లు.

గమనించండి, ఈ లెక్కలో చమురు ఎంత కారిందన్నది లేదు. ఎంత తీరం పాడైందన్నది లేదు. ఎంతమంది బతుకులు ఆగిపోయాయన్నదీ లేదు. ఉన్నదల్లా ఓడ సైజు ఒక్కటే. గుద్దిన బండి బరువు చూసి దెబ్బతిన్నవాడి ఆస్పత్రి బిల్లు ఎంతవరకు కట్టాలో తేల్చినట్టుంది. పైగా ఆ మొత్తం కాలుష్య బాధితుల కోసమే విడిగా పెట్టింది కాదు. అదే ప్రమాదంలో ఆస్తి నష్టపోయిన ఇతరులు కూడా ఆ కుండలోంచే పంచుకోవాలి.

పరిమితిని కోర్టులో బద్దలు కొట్టవచ్చు కదా అంటారు. కాగితం మీద కొట్టవచ్చు. యజమాని స్వయంగా, కావాలనే నష్టం చేశాడని గానీ, నష్టం జరుగుతుందని తెలిసీ తెగించాడని గానీ రుజువు చెయ్యాలి. కెప్టెన్ తప్పు చాలదు, మేనేజరు నిర్లక్ష్యం చాలదు. ఆ గీత దాటించడం దాదాపు అసాధ్యమయ్యేలాగే దాన్ని రాశారు.

ఈ పరిమితి అనే ఆలోచన పాతది. ఓడ సముద్రంలోకి వెళ్తే తిరిగొస్తుందో లేదో తెలియని కాలంలో, పెట్టుబడి పెట్టేవాళ్లు భయపడకుండా ఉండాలని బ్రిటన్ 1734లోనే ఇలాంటి చట్టం చేసింది. యజమాని బాధ్యత ఓడ, దాని కిరాయి విలువను మించకూడదన్నది దాని సారం. ఆ కాలానికి అది సబబే కావచ్చు. కానీ ఆ సూత్రం చమురు యుగంలోకి వచ్చాక ఏమైందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1967 మార్చి 18న టోరీ కాన్యన్ అనే ట్యాంకర్ ఇంగ్లండ్ నైరుతి కొస దగ్గర సెవెన్ స్టోన్స్ దిబ్బకు గుద్దుకుంది. లక్ష టన్నులకు పైగా ముడిచమురు ఇంగ్లండ్, ఫ్రాన్స్ తీరాలను ముంచింది. ఓడ మొత్తం పోయింది, ఒక్క లైఫ్‌బోటు మిగిలింది. అమెరికా చట్టం ప్రకారం మిగిలిన ఆస్తి విలువే మా బాధ్యత అంటూ యజమాని పక్షం అక్కడి కోర్టుకెక్కింది. ఆ విలువ 50 డాలర్లు.

బ్రిటన్ ప్రభుత్వం ఆ యజమానిని వాదనలతో లొంగదీయలేదు. అదే యజమాని ఇంకో ఓడ లేక్ పాలూర్డ్ సింగపూర్ రేవులోకి వచ్చేదాకా కాచుకుని ఉంది. రాగానే లాయరు ఓడెక్కి కోర్టు కాగితాన్ని స్తంభానికి అతికించాడు. ఓడ కదలడానికి వీల్లేదు. చివరికి 30 లక్షల పౌండ్లకు రాజీ కుదిరింది, బ్రిటన్, ఫ్రాన్స్ పంచుకున్నాయి.

సరిగ్గా ఇదే పద్ధతి 58 ఏళ్ల తర్వాత మళ్లీ చూశాం. 2025 మే 25న కొచ్చి దగ్గర ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే కంటైనర్ ఓడ మునిగింది. అందులో 640 కంటైనర్లు, 367 టన్నుల ఫర్నేస్ ఆయిల్, 84 టన్నుల డీజిలు ఉన్నాయి. కంటైనర్లు పగిలి ప్లాస్టిక్ గుళికలు తీరమంతా పరుచుకున్నాయి. వేట ఆగిన మత్స్యకార కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం తక్షణ సాయంగా ఇచ్చింది వెయ్యి రూపాయలు, ఆరు కిలోల బియ్యం. కేరళ 9,531 కోట్లు కావాలని హైకోర్టుకెళ్లింది. అదే గ్రూపుకు చెందిన ఇంకో ఓడ విళింజం రేవులో ఉండగా కోర్టు దాన్ని నిలిపేయమంది. తర్వాత 1,227.62 కోట్లకు పూచీకత్తు కట్టమంది. కోర్టు గట్టిగా నిలబడిందని నేనూ సంతోషించాను. అయినా ఒక మాట ఆలోచించండి. ఆ గ్రూపుకు ఇంకో ఓడ ఉంది కాబట్టి, అది ఆ రేవుకే వచ్చింది కాబట్టి పట్టు దొరికింది. ఒక్కటంటే ఒక్కటే ఓడ పేరున పెట్టిన కంపెనీ అయితే ఏ ఓడను ఆపాలి? ఓడల వ్యాపారంలో అలాంటి ఒక్క ఓడ కంపెనీలు కొల్లలు.

టోరీ కాన్యన్ తర్వాత ప్రపంచం చేతులు ముడుచుకు కూర్చోలేదు. ట్యాంకర్ల కోసం 1969లో ఒక ఒప్పందం, 1971లో నిధి, 1992లో రెండింటినీ పెంచారు, 2003లో మూడో అంచె కూడా కలిపారు. మూడో అంచెలో చేరిన దేశాలకు 75 కోట్ల ఎస్‌డీఆర్‌ల దాకా వీలుంది. ఈ ఏర్పాటులో నాకు బాగా నచ్చేది డబ్బు ఎవరు కడతారన్నది. మొదటి అంచె ఓడ యజమాని బీమా. రెండో అంచె, ఏడాదికి లక్షన్నర టన్నులకు మించి సముద్రం మీదుగా చమురు తెప్పించుకునే కంపెనీలు కట్టే చందా. చమురుతో లాభపడేవాళ్లు ఇద్దరూ బరువు మోస్తారు.

ఆ నిధి ఎంత పనికొస్తుందో 2024 ఫిబ్రవరిలో టొబాగోలో కనిపించింది. గల్ఫ్‌స్ట్రీమ్ అనే బార్జీ తీరం దగ్గర బోర్లా పడి చమురు కారుతోంది. లాగుతున్న టగ్ దాన్ని వదిలేసి పోయింది. మనుషులు లేరు, యజమాని ఎవరో తెలియదు, బీమా జాడ లేదు. అయినా శుభ్రం చేసే ఖర్చుకు, మత్స్యకారుల క్లెయిములకు ఆ నిధి ముందుకొచ్చింది. యజమాని లేకపోయినా బాధితుడు అనాథ కాలేదు. అదే ఓడ సరుకు ఓడై, కారింది ఇంధనమై, బీమా కాగితం దొంగదై ఉంటే? ఆ దేశం తట్టడానికి ఇంకో తలుపే లేదు.

బంకర్స్ కన్వెన్షన్ దండగని నేననను. అందులో మంచి ఉంది. తప్పు నిరూపించక్కర్లేదు, చమురు నీ ఓడదైతే బాధ్యత నీదే. యుద్ధం, ఎవరో కావాలని చేసిన విధ్వంసం లాంటి కొద్ది మినహాయింపులే. 1,000 స్థూల టన్నులు దాటిన ప్రతి ఓడా బీమా సర్టిఫికెట్ పెట్టుకోవాలి. యజమాని దొరక్కపోతే నేరుగా బీమా సంస్థ మీదే దావా వెయ్యొచ్చు. 2001కి ముందు ఇదేమీ లేదు. నా అసంతృప్తి అంతా అక్కడితో ఆగిపోయినందుకే.

ఇంకో సంగతి నాకు మింగుడుపడదు. ఓడను సిబ్బందితో సహా కొంత కాలానికి అద్దెకు తీసుకునేవాణ్ణి టైమ్ చార్టరర్ అంటారు. ఆ ఒప్పందంలో ఇంధనం కొనేది, దానికి డబ్బు కట్టేది మామూలుగా అతనే. ఓడ ఎక్కడికి వెళ్లాలో చెప్పేదీ అతనే. కానీ ఇంధనం కారితే బాధ్యుల జాబితాలో నమోదైన యజమాని, ఓడను ఖాళీగా అద్దెకు తీసుకున్నవాడు, మేనేజరు, ఆపరేటరు ఉన్నారు. ఇంధనం కొన్న టైమ్ చార్టరర్ మామూలుగా అందులోకి రాడు. వకాషియో విషయంలో మిత్సుయి కంపెనీ సుమారు 100 కోట్ల యెన్‌లు ఇస్తామని ప్రకటించింది, మంచిదే. కానీ అది వాళ్ల మర్యాద. బాధితుల హక్కు కాదు.

ప్రకృతి నష్టం సంగతి మరీ ఘోరం. 2000 జూన్‌లో కేప్‌టౌన్ దగ్గర ట్రెజర్ అనే ఖనిజం ఓడ మునిగి సుమారు 1,300 టన్నుల ఇంధనం కారింది. దాదాపు 19 వేల ఆఫ్రికన్ పెంగ్విన్లకు చమురు అంటింది. వేలమంది వాలంటీర్లు ఒక్కో పక్షినీ పట్టుకుని సబ్బు నీళ్లతో, టూత్‌బ్రష్‌లతో కడిగారు. చమురు అంటని ఇంకో 19,500 పెంగ్విన్లను లారీల్లో వందల కిలోమీటర్ల అవతల పోర్ట్ ఎలిజబెత్‌కు తీసుకెళ్లి వదిలారు. అవి ఈదుకుంటూ తమ దీవులకు తిరిగొచ్చేలోగా నీళ్లు శుభ్రం చెయ్యొచ్చని ఆలోచన. అది పనిచేసింది కూడా. ఇవాళ్టి ఒప్పందం ప్రకారం అలాంటి కడగడానికి, తరలింపుకు అయిన న్యాయమైన ఖర్చు అడగవచ్చు. కానీ ఆ ఏడాది గూళ్లలో పోయిన పిల్లల సంగతి? పునరుద్ధరణకు నిజంగా చేపట్టిన పనుల ఖర్చు తప్ప, ప్రకృతికి జరిగిన నష్టానికి విడిగా విలువ కట్టడానికి ఒప్పందంలో చోటు లేదు. ఎరికా ట్యాంకర్ కేసులో 2012లో ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం పర్యావరణ నష్టాన్ని స్వతంత్ర నష్టంగా ఒప్పుకుంది, 2016లో ఆ దేశం దాన్ని తన సివిల్ కోడ్‌లోనే రాసుకుంది. అంతర్జాతీయ ఒప్పందం ఆ మెట్టు ఎక్కలేదు.

రెండో అంచె వద్దనేవాళ్ల వాదన కూడా వినాలి. ఇంధన ప్రమాదాలు చాలావరకు చిన్నవి, పరిమితి లోపలే తేలిపోతాయి అంటారు. నిజమే. అయితే నిధి మీద పడే భారం కూడా తక్కువే అన్నమాట. ఎప్పుడో ఒకసారి పరిమితి దాటినప్పుడు ఆ మిగతా బరువు ఎవరి నెత్తిన పడుతోందన్నదే నా ప్రశ్న. 2011లో న్యూజీలాండ్ దగ్గర రేనా అనే కంటైనర్ ఓడ దిబ్బకెక్కి సుమారు 350 టన్నుల ఇంధనం కారింది. ప్రభుత్వానికి అయిన ఖర్చు సుమారు 4.7 కోట్ల న్యూజీలాండ్ డాలర్లు. యజమానితో రాజీ కుదిరింది 2.76 కోట్లకు, అది చట్టపరమైన పరిమితి కన్నా ఎక్కువే. మిగతాది పన్ను కట్టేవాళ్లు భరించారు. ధనిక దేశం కాబట్టి భరించగలిగింది.

పరిమితి లేకపోతే బీమా ఎవరూ ఇవ్వరన్నది ఇంకో వాదన. దీన్ని నేను ఒప్పుకుంటాను. ప్రపంచ ఓడల టన్నేజీలో సుమారు 90 శాతానికి బీమా ఇచ్చే పీ అండ్ ఐ క్లబ్బులు కూడా నష్టం ఎక్కడో ఒకచోట ఆగుతుందన్న లెక్క మీదే నడుస్తాయి. అందుకే యజమాని పరిమితి ఎత్తేయమని నేను అడగడం లేదు. దాని పైన ఇంకో పొర పెట్టమంటున్నాను. ట్యాంకర్లకు ఆ పొర ఉంది, ట్యాంకర్ వ్యాపారం దివాలా తియ్యలేదు.

అసలు చిక్కు వసూలు దగ్గర. ఇంధనం అమ్మే రేవులో పన్ను వేస్తే ఓడలు పన్ను లేని రేవుకు పోతాయి. సింగపూర్ కాకపోతే ఫుజైరా, అది కాకపోతే ఇంకోటి. అందుకే అమ్మేవాడి దగ్గర కాకుండా వాడేవాడి దగ్గర వసూలు చెయ్యాలి. దానికి కావలసిన లెక్కలు ఇప్పటికే ఉన్నాయి. 5,000 స్థూల టన్నులు, ఆపైన ఉన్న ప్రతి ఓడా ఏడాదిలో ఎంత ఇంధనం మండించిందో 2019 నుంచి తన జెండా దేశానికి చెప్పాలి, అది అంతర్జాతీయ సముద్ర సంస్థ ఐఎంఓకు చేరుతుంది. మొత్తం ఏటా 20 కోట్ల టన్నులకు పైనే. సరిచూడటానికి బంకర్ డెలివరీ నోట్ ఉంది. ఇంధనం నింపుకున్న ప్రతిసారీ ఎంత, ఎలాంటిది, ఎవరు అమ్మారన్నది అందులో రాసి మూడేళ్లు దాచాలి, సీలు వేసిన సీసాలో నమూనా కూడా ఉంచాలి. టన్నుకు పది సెంట్లు వేసినా ఏడాదికి రెండు కోట్ల డాలర్లు. టన్ను ఇంధనం వందల డాలర్లు పలికే చోట పది సెంట్లు ఎవరి సరుకు ధరలోనూ కనిపించదు.

ఓడల మీద ప్రపంచవ్యాప్తంగా ఏ రుసుమైనా వెయ్యడం ఎంత కష్టమో నాకు తెలియక కాదు. కార్బన్ ధర ప్రతిపాదన 2025 అక్టోబరులో ఐఎంఓలో ఏడాది వాయిదా పడింది. కానీ అది టన్నుకు పదుల, వందల డాలర్ల సంగతి, ఇంధనాన్నే మార్పించే ఉద్దేశంతో పెట్టింది. ఇది చిల్లర, బాధితుల కోసం.

కొత్త ఇంధనాలు వస్తున్నాయి కదా, ఈ నల్ల చమురు పోతుంది కదా అని కొందరంటారు. 2020 జనవరి 1 నుంచి ఇంధనంలో గంధకం 0.50 శాతం దాటకూడదన్న నియమం వచ్చింది, గాలికి మేలు జరిగింది. వకాషియోలో ఉన్నది ఆ తక్కువ గంధకం చమురే, మడుగును అది కూడా నల్లగానే ముంచింది. రేపు అమోనియా, మిథనాల్ వస్తే పరిస్థితి ఇంకా వింతగా ఉంటుంది. బంకర్స్ కన్వెన్షన్ రాసుకున్నది ఖనిజ చమురు గురించే. అమోనియా ఇంధన ట్యాంకు పగిలితే ఈ మాత్రం బీమా హక్కు కూడా వర్తించదు. ఎలాగూ ఆ ఒప్పందాన్ని తెరిచి రాయక తప్పదు, రెండో అంచెను కూడా అప్పుడే కలిపితే పని ఒక్కసారితో అవుతుంది.

ఇది జరిగే పనేనా అంటే, ఒక దేశం పట్టుబడితే జరుగుతుందనడానికి రుజువుంది. 2009 మార్చిలో తుఫానులో చిక్కుకున్న పసిఫిక్ అడ్వెంచరర్ అనే ఓడ మీదినుంచి అమోనియం నైట్రేట్ కంటైనర్లు 31 జారిపడి, పడుతూ పడుతూ ఓడ పొట్టనే పొడిచాయి. సుమారు 270 టన్నుల ఇంధనం ఆస్ట్రేలియాలో మోర్టన్ దీవి తీరానికి కొట్టుకొచ్చింది. శుభ్రం చేసే ఖర్చు 3 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు దాటింది. చట్టపరమైన పరిమితి 1.75 కోట్లు. ఓడ కంపెనీ 2.5 కోట్లు ఇచ్చింది, అయినా చాలలేదు. ఆస్ట్రేలియా ఆ లెక్కలు పట్టుకుని, కలిసొచ్చే దేశాలను కూడగట్టి ఐఎంఓ ముందు పరిమితులు పెంచాలని ప్రతిపాదించింది. 2012 ఏప్రిల్‌లో 51 శాతం పెంపు ఆమోదం పొందింది, 2015 జూన్ 8 నుంచి అమల్లో ఉంది.

270 టన్నులతో ఆస్ట్రేలియా అంత సాధించింది. మారిషస్ దగ్గర వెయ్యి టన్నుల లెక్కలున్నాయి, న్యూజీలాండ్ దగ్గర రేనా బిల్లులున్నాయి, భారత్ దగ్గర ఎన్నూరు, కొచ్చి ఫైళ్లున్నాయి. ఐఎంఓ న్యాయ కమిటీ అజెండాలో కొత్త అంశం చేర్చమని అడగడానికి సభ్య దేశమైతే చాలు. ఈ మూడూ కలిసి రెండో అంచె నిధి పేరుతో ఒక ప్రతిపాదన పెట్టాలి, అందులో మొదటి అనుబంధంగా వకాషియో లెక్క ఉండాలి: ఇంధనమైతే 1.27 కోట్ల ఎస్‌డీఆర్‌లు, సరుకైతే 20.3 కోట్లు.